గోడ కన్నంలోంచి బొమ్మ

మా మేనత్తను అందరూ ఆపరేటరమ్మ అనేవాళ్లు. తాతయ్య సినిమాహాల్లో ప్రొజెక్టర్ నడిపేది ఆవిడే. తాతయ్య పోయాక నాన్నా బాబాయీ పంపకాల దగ్గర మాటా మాటా అనుకుని, ప్రొజెక్టర్ గదితో సహా హాలు మధ్యలో గోడ కట్టించి, చెరో ప్రొజెక్టర్ మెషిన్ పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. పెద్దరికం వెలగబెట్టాల్సిన మా నాన్న మొండితనంలో తమ్ముడికి ఏమాత్రం తీసిపోడు. అత్త మాత్రం అటూ ఇటూ తిరుగుతూ రెండు మెషిన్లూ నడిపేది.

కొత్త సినిమా ప్రింటు ఊరికి ఒకటే వచ్చేది, అది నాన్నకే దక్కేది. బాబాయి హాలు ఈగలు తోలుకుంటోంది. ఈసారీ జనం రాకపోతే గోదాముగా అద్దెకిచ్చేస్తానని ఆయన తేల్చేశాడు.

"నేనుండగా అక్కడ బస్తాలు పడవు," అంది అత్త.

ఆవిడ ఆలోచన ఇదీ. ప్రొజెక్టర్ గది గోడకి కన్నం కొడితే, నాన్న మెషిన్లోంచి బయటికొచ్చిన రీలు అందులోంచి, చిన్న చిన్న కప్పీల మీదుగా వెళ్లి బాబాయి మెషిన్లో దూరుతుంది. ఒకే ప్రింటుతో రెండు తెరల మీదా బొమ్మ పడుతుంది.

"నా గోడ జోలికొస్తే ఊరుకోనక్కా," అన్నాడు నాన్న.

"ఊరుకోవద్దులే. ఈ సుత్తి పట్టుకో."

"వాడి ఎంగిలి బొమ్మ నాకెందుకే అక్కా?" అన్నాడు బాబాయి.

"చిన్నప్పుడు వాడి నోట్లో పిప్పరమెంటు బిళ్ల లాక్కుని తిన్నప్పుడు లేదురా ఈ పట్టింపు," అని అత్త ఉలి అందుకుంది. అరచేతులు బొబ్బలెక్కినా కన్నం పడేదాకా వదల్లేదు.

అయితే రెండు మెషిన్లూ ఒకేసారి కదలాలి, ఒకేసారి ఆగాలి. లేదంటే ప్రింటు పాడైపోతుంది. మ్యాట్నీకి నాన్నను ఇటు, బాబాయిని అటు కూర్చోబెట్టి, అత్త కన్నం దగ్గర నిలబడి "ఊ, కానివ్వండి" అంది. మెషిన్లు కదిలాయి. రీలు సాఫీగా నడుస్తోందని చూసుకుని, "ఇక మీరూ మీరూ చూసుకోండి" అంటూ కిందికెళ్లి బాబాయి హాల్లో ముందు వరసలో కూర్చుంది. టికెట్లు చింపడం ముగించుకుని నేను పైన నాన్న దగ్గరికొచ్చాను.

మా హాల్లో జనం నవ్వినప్పుడల్లా గోడవతల వాళ్లు రాబోయే జోకు కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నారు. అంతా బాగుందనుకుంటుండగా బాబాయి మెషిన్లో రీలు అతుకు దగ్గర ఇరుక్కుంది. నాన్న మెషిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. కన్నంలోంచి చూస్తే అవతల నేలమీద రీలు చుట్టలు చుట్టలుగా పడుతోంది. బాబాయి నోరు తెరిచాడు, మూశాడు.

"అన్నయ్యా, ఆపు."

నాన్న చెయ్యి స్విచ్చు మీద పడింది. రెండు హాళ్లూ ఈలలతో దద్దరిల్లాయి. అత్త నింపాదిగా పైకొచ్చి, నలిగిన ముక్క కత్తిరించి అతికించింది.

"ఇప్పుడు మొదలెట్టమని ఎవరంటారు?"

నాన్న కప్పీ మీది రీలు సరిచేశాడు. తర్వాత కన్నం దగ్గరికి వంగాడు. "చిన్నా, సిద్ధమేనా?"

"సిద్ధమే. కానీ, అన్నయ్యా."

ఆట అయ్యాక అత్తను అడిగాను, రెండు మోటార్లకీ కలిపి ఒకే స్విచ్చు పెడితే ఈ తంటా ఉండేది కాదు కదా అని.

అత్త పనిముట్ల పెట్టె తెరిచింది. లోపల కొత్త వైరు చుట్ట, దాని మీద స్విచ్చు ఉన్నాయి.

"ఎప్పుడో కొన్నాను," అని పెట్టె మూసేసింది.