టైపింగ్ మేడం బ్లాగు

మొన్న మా కోడలు కొత్త కుక్కరు కొన్నది. ఎవరో అమ్మాయి ఫోనులో వంట చేసి చూపిస్తూ కింద లింకు పెట్టిందట, అది నొక్కి కొంటే ఆ అమ్మాయికి కొంత కమీషను ముడుతుందట. ఈ సంగతి కోడలు నాకు విడమరిచి చెబుతుంటే నవ్వాపుకుంటూ విన్నాను. ఆమె ఇంకా బడికి పోయే రోజుల్లోనే, వనపర్తిలో ఒక ఇరుకు గదిలో కూర్చుని ఆ పనే చేసినదాన్ని నేను. టైపు మిషను ముందు కూర్చుని చిటికెన వేలు నొప్పి పుట్టేదాకా 'ఎ ఎస్ డి ఎఫ్' కొట్టిన వాళ్ళు మీలో ఉంటే, ఈ ముచ్చట మీకోసమే.

పెళ్ళయిన కొత్తలో మా మామగారు తన వాటా మామిడితోట కౌలు డబ్బులతో నాకొక టైపింగ్ ఇన్‌స్టిట్యూటు పెట్టించారు. మంచి రోజుల్లో కొత్తకోట నుంచి, పెబ్బేరు నుంచి మొదటి బస్సుకే పిల్లలు వచ్చి, తెల్లకాగితం చుట్ట చేత పట్టుకుని తమ గంట కోసం మెట్లమీద కూర్చునేవారు. లోయరు టైపు పరీక్ష పాసయిన ప్రతి పిల్లా నాకు స్వీటు డబ్బా తెచ్చేది. ఆ తరువాత కంప్యూటర్లు వచ్చాయి, మెట్లు ఖాళీ అయ్యాయి. గది అద్దె కట్టడానికి కూడా మా ఇంటాయన రైసుమిల్లు జీతం మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు, ఇక తాళం వేద్దామనే అనుకున్నాను.

హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే మా తమ్ముడు దసరాకు వచ్చినప్పుడు తన పాత కంప్యూటరు తెచ్చి గదిలో ఒక మూల పెట్టి, ఫోనులైనుకు ఇంటర్నెట్టు తగిలించి, నా పాఠాలన్నీ అందులో రాయమన్నాడు. దాన్ని బ్లాగు అంటారట. చదివేవాళ్ళు పెరిగితే పక్కన ప్రకటనలు వస్తాయి, వాటిని ఎవరైనా నొక్కితే మనకు కొంత వస్తుంది, నేను మంచిదన్న పుస్తకాన్ని నా లింకు ద్వారా కొంటే దుకాణంవాళ్ళు కమీషనిస్తారు అన్నాడు. తెలుగులో రాస్తే ప్రకటనలు రావు కనుక ఇంగ్లీషులో రాయాలన్నాడు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా హయ్యరు పరీక్షలోని ఉత్తరాల ఇంగ్లీషే. ఏ పాఠం మొదలుపెట్టినా 'విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్' అనే ధోరణిలోకే పోయేది. అయినా ఏ వేలు ఏ అక్షరం మీద ఉండాలో, పట్టికలు ఎట్లా కొట్టాలో, నడుము ఎట్లా నిలపాలో ఓపికగా రాశాను. చివర ఇన్‌స్టిట్యూటు చిరునామా, ఫోను నంబరు పెట్టడం మాత్రం మరువలేదు, ఎంతైనా బోర్డు పెట్టుకుని బతికినదాన్ని కదా.

ఎక్కడెక్కడివాళ్ళో చదివారు. ఒకరోజు పోస్టుమాను విదేశీ ముద్రలున్న కవరు తెచ్చి, చేతిలో పెట్టకుండా ముందు అదేమిటో చెప్పమన్నాడు. అది నా మొదటి చెక్కు. మా ఇంటాయన దాన్ని వెలుతురుకు అడ్డం పెట్టి చూసి, "రాస్తే గూడ పైసలిస్తరా గిట్ల?" అని, ఆ సాయంత్రం మిల్లులో హమాలీలందరికీ చాయ్ తాగించి వచ్చాడు. అద్దెకు ఆయనను అడగవలసిన అవసరం ఆ నెలతో తీరింది.

అట్లా ఏడాదికి పైగా నడిచింది. ఒక మధ్యాహ్నం గద్వాల నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉందట, నా పాఠాలు నెట్టు సెంటరులో అచ్చు తీయించుకుని నేర్చుకున్నదట. "మీ బ్లాగుల ఉన్న టైపింగ్ కంపెనీల చేరుతున్న మేడం, ఇంట్ల కూసొని పనట. డిపాజిట్ కట్టాలె. అమ్మ కమ్మలు కుదువపెడుతుంది రేపు" అని సంబరంగా చెప్పింది. నేను ఏ కంపెనీ గురించీ రాయలేదు. రేపు నేనే వస్తాను, అప్పటిదాకా కమ్మలు తీయవద్దని చెప్పి, ఇంటి గుర్తులు అడిగి ఫోను పెట్టేసి నా పేజీ నేనే తెరిచి చూస్తే, పక్కన మెరుస్తూ కనబడింది ఆ ప్రకటన.

మర్నాడు తెల్లవారే బస్సెక్కి, బీచుపల్లి వంతెన దాటి గద్వాల చేరాను. తల్లి విత్తన పత్తి చేలలో కూలికి పోయే మనిషి, నాకోసం ఆ పూట పని మానుకుని కూర్చున్నది. చెవులకు కమ్మలు ఇంకా ఉన్నాయి. అమ్మాయి ఒప్పందం కాగితాలు తెచ్చి ఇచ్చింది. మసకమసకగా ఉన్న పేజీలు పంపుతారట, అవి కొట్టి ఇవ్వాలట, ఇన్ని తప్పులు దాటితే కూలీ లేదు, డిపాజిట్టూ తిరిగి రాదు. ఏళ్ళ తరబడి ఎర్రసిరాతో పేపర్లు దిద్దినదాన్ని, ఆ అక్షరాల మీద ఆ లెక్కలో నెగ్గడం నావల్ల కూడా కాదని తెలిసిపోయింది. అదే చెప్పాను.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. "మంచిది కాదంటే మీ పేజీల ఎందుకు పెట్టిండ్రు మేడం?"

ప్రకటనలు నేను పెట్టను, మిషనే పెడుతుంది అని చెప్పబోయాను. తల్లి మెల్లగా అన్నది: "మాకు గదంత తెల్వదమ్మా. మీ ఇంటి గోడకుంటే మీ మాటే అనుకుంటం."

రేపటి సంది ఆ ప్రకటన నా పేజీలో ఉండదని మాటిచ్చి బస్సెక్కాను.

ఆ ఒక్క ప్రకటన ఆపితే అటువంటిదే ఇంకొకటి వస్తుంది, టైపింగు మాట ఉన్నచోటికి అవే వెతుక్కుంటూ వస్తాయన్నాడు ఫోనులో తమ్ముడు. అయితే అన్నీ తీసేయమన్నాను. సంపాదనలో ముప్పాతిక వాటా అదేనని, తొందరపడవద్దని చాలాసేపు వాదించాడు, చివరకు విసుక్కుంటూనే తీసేశాడు. తరువాత ఆ డిపాజిట్టు పనుల కిటుకంతా విప్పి ఒక పెద్ద పాఠం రాశాను. అది నా మిగతా పాఠాలన్నిటికంటే దూరం పోయింది. అటువంటి కంపెనీ ఒకటి, ఆ పాఠం తీసేసి తమ లింకు పెడితే చేరిన ప్రతి మనిషికీ నాకు వాటా ఇస్తామని ఉత్తరం రాసింది. 'విత్ రిఫరెన్స్ టు యువర్ లెటర్, ఐ రిగ్రెట్' అని ఒక్క తప్పు లేకుండా కొట్టి పంపాను. నా జన్మలో అంత ఇష్టంగా కొట్టిన ఉత్తరం మరొకటి లేదు.

కొన్నాళ్ళు అద్దెకు మళ్ళీ ఇబ్బందే అయింది. తరువాత, నేను వాడి చూసిన పుస్తకాలు, కీబోర్డులు మాత్రమే చెబుతానని తెలిసి జనం నమ్మి కొనడం మొదలుపెట్టారు. ఆ కమీషను మీదే ఇన్‌స్టిట్యూటు ఇంకా చాలా ఏళ్ళు నడిచింది. గద్వాల అమ్మాయి వనపర్తిలో మేనత్త ఇంట్లో ఉండి నా దగ్గరే హయ్యరు పాసై, నాగర్‌కర్నూలులో ఒక వకీలు దగ్గర ఉద్యోగంలో కుదిరింది. ఆమె తెచ్చిన స్వీటు డబ్బాలోంచి మా తమ్ముడికి కూడా పంపాను.

ఆ కాలంలో కొనేముందు జనం నాకు ఫోను చేసేవారు. ఈ పుస్తకం మా పిల్లకు పనికొస్తదా మేడం, మీరే చెప్పండ్రి అని, నేను అన్నం ముందు కూర్చున్నప్పుడే చేసేవారు. చేయి కడుక్కుని లేచి, పిల్ల ఎంత చదివిందో అడిగి, కొందరికి వద్దనే చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరూ ఎవరినీ అడగడం లేదు, బొమ్మ కింద ఎవరో వేసిన రేటింగు చుక్కలు చూసి కొనేస్తున్నారు, సులువే అనుకోండి. ఆ ఫోను లైను సరెండరు చేసి చాలా ఏళ్ళయింది. అయినా పక్కింట్లో ఫోను మోగితే, అన్నం కలుపుతున్న నా చేయి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.