ఇల్లు తప్పిన కొత్త కోడలు

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా తెలుగు బాయి మాకొక పని అప్పజెప్పింది. సోలాపూర్‌లో పంతులమ్మలను మరాఠీ వాడుకలో బాయి అనే పిలుస్తాం. మీ గల్లీలో పెద్దవాళ్ళు చెప్పిన కథ ఒకటి రాసుకురండి, అయితే అది నిజంగా జరిగిందై ఉండాలి, దయ్యాల కథలూ రాజుల కథలూ నాకొద్దు అంది.

నేను వెతుక్కోవలసిన పనిలేదు. మా బాపమ్మ, అంటే నాన్నగారి తల్లి, ఇల్లు తప్పిన కథ నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అన్నం తినిపిస్తూ చెప్పింది, జ్వరమొస్తే తల నిమురుతూ చెప్పింది. ఆ రాత్రే కూర్చుని నాలుగు పేజీలు రాసేశాను.

కథ ఇది. మా బాపమ్మ తెలంగాణ నుంచి కొత్త కోడలుగా సోలాపూర్‌లోని ఈ భవాని పేట్‌కు వచ్చిన మూడో రోజు, అత్తగారు బిందె చేతికిచ్చి గల్లీ చివర నల్లా దగ్గరికి పంపింది. పన్నెండేళ్ళ పిల్ల. కొంగు ముక్కుదాకా దించుకుని వెళ్ళింది. నీళ్ళు పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఏ ఇల్లు తమదో తెలియలేదు. గల్లీకి రెండువైపులా అన్నీ ఒకేలాంటి తలుపులు, అన్నిట్లోంచీ ఒకటే మగ్గం చప్పుడు. ఒక గుమ్మం తమదే అనిపించి లోపలికి వెళ్ళి బిందె దించింది. మగ్గం మీదున్న ముసలాయన తల తిప్పకుండానే, "కండెలు అయిపోయినయ్, చుట్టు" అన్నాడు. రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టింది.

మధ్యాహ్నం ఆ ఇంటి ముసలమ్మ జొన్నరొట్టె మీద కారం వేసి చేతిలో పెట్టింది. తిన్నది. కండెలు చుట్టడానికి భర్త ఎవరినో పిలిపించుకున్నాడని ముసలమ్మ అనుకుంది. తన భార్య తరపు చుట్టాల పిల్ల అని ముసలాయన అనుకున్నాడు. ఆ ఇంట్లో కూడా ఒక కొత్త కోడలు ఉంది, పొయ్యి దగ్గర. ఆమె ఒక్కతే మాటిమాటికీ ఇటు చూసేది. ఇక్కడ మా తాతగారి వాళ్ళు బావుల్లోకి తొంగిచూసి, రైల్వే స్టేషన్ దాకా వెళ్ళి వెతికి వచ్చారు. పొద్దు వాలే వేళకు మా తాత ఎదురింటి ముందు నిలబడి, "మా ఇంటిదాన్ని ఎవరన్న చూసిండ్రా? చేతిల ఇత్తడి బిందె ఉంటది" అని అడిగితే, బిందె గుమ్మం పక్కనే ఉంది.

పొద్దంతా ఆమె ఉన్నది మా ఎదురింట్లోనే. ఆ పొయ్యి దగ్గరి కోడలే ఇప్పుడు మేమంతా ఎదురింటి అవ్వ అని పిలిచే ముసలామె. ఇద్దరూ రోజూ మా అరుగు మీదే చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు.

నోటుపుస్తకాలు దిద్దిన రోజు బాయి నన్నూ, ఎదురింటి అవ్వ మనవరాలినీ నిలబెట్టింది. ఆ పిల్లా నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ.

"ఇద్దర్ల ఎవరు ఎవరిది చూసి రాసిండ్రు?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె పుస్తకం నాకిచ్చి, నాది ఆమెకిచ్చింది. చదివాను. నల్లా, ఒకేలాంటి తలుపులు, కండెలు, జొన్నరొట్టె మీద కారం, గుమ్మం పక్కన ఇత్తడి బిందె. అన్నీ నేను రాసినవే. ఒక్కటే తేడా. అందులో ఇల్లు తప్పింది ఎదురింటి అవ్వ. పొద్దంతా కూర్చుని కండెలు చుట్టింది మా ఇంట్లో. పొయ్యి దగ్గర కూర్చుని మాటిమాటికీ చూసిన కోడలు మా బాపమ్మ.

"మా అవ్వ కథ బాయి ఇది. చిన్నప్పటిసంది చెప్తది," అంది నా స్నేహితురాలు.

"మా బాపమ్మది," అన్నాను నేను. కానీ అంత గట్టిగా అనలేకపోయాను.

ఇంటికి రాగానే ముందు మా అమ్మను అడిగాను. ఆమె బియ్యం ఏరుతూ, "నేను ఈ ఇంటికొచ్చిన కొత్తల ఎదురింటి అవ్వనే చెప్పింది నాకు. ఆమెదే అనుకున్న," అంది. మరి బాపమ్మ చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావంటే, "అత్తను తప్పని ఎట్లంటనే?" అంది. కుమఠా నాకా దగ్గర పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసే మా బాపు, అంటే నాన్న, రాగానే ఆయన్నీ అడిగాను. ఇద్దరి నోటా విన్నాననీ, రెండూ ఒకటే కథ అని తనకెప్పుడూ తోచలేదనీ అన్నాడు. ఎలా తోచకుండా ఉంటుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

మర్నాడు బడి లేదు. మేమిద్దరం కలిసి అరుగు దగ్గరికి వెళ్ళాం.

"బాపమ్మా, నిజం చెప్పు. ఇల్లు తప్పింది నువ్వా, అవ్వనా?"

"నేనే. ఇంకెవరు?" అంది బాపమ్మ, ఆకు కత్తిరిస్తూనే.

ఎదురింటి అవ్వ కత్తెర ఆగింది. "ఏందీ? నువ్వా? నువ్వు పొయ్యికాడ కూసుంటివి గద. మీ ఇంట్లకు వచ్చింది నేను."

"నేను మీ ఇంట్లకొచ్చిన. పొయ్యికాడ ఉన్నది నువ్వు."

"ఇత్తడి బిందె ఎవరిది మరి? పెండ్లిల మా తల్లి పెట్టింది నాకు."

"మా తల్లి పెట్టలేదా నాకు?"

మొదట మాకు నవ్వొచ్చింది. వాళ్ళూ నవ్వుతారనుకున్నాం. నా స్నేహితురాలు తెలివిగా ఆ ఇంట్లో పొయ్యి ఏ వైపు ఉండేదో చెప్పమంది. ఇద్దరూ ఒకేసారి కుడివైపు అన్నారు. రెండిళ్ళలోనూ పొయ్యి కుడివైపే ఉంది.

"నలభై యాభై ఏండ్లు నా పక్కల కూసొని నా కథ చెప్పుకున్నవా?" అంది ఎదురింటి అవ్వ.

బాపమ్మ చాట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె చేతుల్లోంచి దారపు ఉండ జారి మెట్లమీద దొర్లింది. ఎవరూ తీయలేదు.

ఆ తర్వాత అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. బాపమ్మ వెనక గదిలో, అవ్వ వాళ్ళ గుమ్మం లోపల బీడీలు చుట్టుకున్నారు. గల్లీలో పోయేవాళ్ళు ఏమైందని అడుగుతుంటే మా అమ్మ నా వైపు చూసేది. నేను చేసిన తప్పేమిటో నాకు తెలియదు, అయినా చేశాననే అనిపించేది.

గల్లీలో అందరికంటే పెద్దవాడు ఒక నేత తాత ఉండేవాడు. చెవులు సరిగా వినపడేవి కావు. చివరి ఆశగా ఆయన దగ్గరికి వెళ్ళి గట్టిగా అరిచి అడిగాను.

"ఇద్దరూ ఆ ఏడే వచ్చిండ్రు. ఒకామె తప్పిపోయింది ఖరే, నిజమే. గల్లీ గల్లంత ఎతికినం. నేను స్టేషన్ దాక పోయిన."

"ఎవరు తాతా?"

"ముఖాలు చూసినమా బిడ్డా? కొంగులే గద కనపడేది," అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటిదాకా అది నాకు నవ్వే కథ. పన్నెండేళ్ళ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఇంట్లో కూర్చుని పని చేస్తే, ఎవరు నువ్వు అని అడిగినవాళ్ళు లేరు. బాపమ్మ నవ్వుతూ చెప్పేది కాబట్టి నేను నవ్వేదాన్ని.

ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, నేను ఇంకేమీ అడగనని చెప్పాను. ఆమె కాసేపు ఆకులు సర్దుకుంది.

"ఆమెదే కావచ్చు బిడ్డా," అంది.

"అంటే?"

"పొయ్యికాడ ఉన్నది నేనే. మా ఇంటి మనిషి కాదని చూసిన నిమిషంల తెలిసింది. చెప్పలేదు నేను. చెప్తే తోలుతరు గద. ఈ ఇంట్ల నా ఈడు పిల్ల లేకుండె. ఒక్క పొద్దన్న నా పక్కల ఉండనీ అనుకున్న."

"మరి ఇన్ని రోజులు నీదని ఎందుకు చెప్పినవ్?"

"ఏమో. చెప్పంగ చెప్పంగ నాదే అనిపిచ్చింది."

నాకు ప్రాణం కుదుటపడింది. తేలిపోయింది కదా. మర్నాడు బడికి వెళ్ళే దారిలో నా స్నేహితురాలితో, "మీ అవ్వదే కథ. మా బాపమ్మ ఒప్పుకుంది," అన్నాను.

ఆమె ఆగిపోయింది. నిన్న రాత్రి వాళ్ళ అవ్వ కూడా ఒప్పుకుందట. ఇల్లు తప్పింది మీ బాపమ్మే, పొయ్యి దగ్గర ఉన్నది నేనే, తెలిసి కూడా చెప్పలేదు, పంపేస్తారని భయపడ్డాను అందట. ఇద్దరం నడిరోడ్డు మీద ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ నిలబడ్డాం. వెనకనుంచి సైకిలాయన మరాఠీలో తిట్టుకుంటూ పోయాడు.

బాయికి అంతా చెప్పాం. ఆమె శ్రద్ధగానే విన్నది.

"అయితే ఎవరూ చూసి రాయలేదంటరు."

"లేదు బాయి."

"జరిగింది ఖరేనా?"

"ఖరే బాయి."

"ఎవరికి?"

ఇద్దరినీ వేరే కథలు రాసుకురమ్మంది. నేను ఏదో రాశాను. ఏం రాశానో ఇప్పుడు గుర్తులేదు.

వారం తిరగకముందే ఒకరోజు బడినుంచి వచ్చేసరికి ఇద్దరూ అరుగు మీద ఉన్నారు. ఎవరు ఎవరిని పిలిచారో, ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. బాపమ్మ ఆకు కత్తిరిస్తోంది, అవ్వ చుడుతోంది. మేమిద్దరం మెట్ల దగ్గరే ఆగిపోయాం. "ఏం చూస్తున్నరే, లోపలికి పోండ్రి," అంది అవ్వ. ఆ కథ మళ్ళీ ఇద్దరిలో ఒక్కరు కూడా చెప్పలేదు. చెప్పమని మేమూ అడగలేదు.

కొన్నేళ్ళకు బాపమ్మ పోయింది. నాకప్పటికి పెళ్ళయింది. కబురు అంది వచ్చేసరికి ఎదురింటి అవ్వ ఆమె తల దగ్గర కూర్చుని ఉంది. ఊళ్ళనుంచి వచ్చిన మా చుట్టాలెవరో, మీకు ఈమె ఎప్పటినుంచి తెలుసు అని అడిగారు.

"మా ఇంటికొచ్చింది," అని మొదలుపెట్టింది అవ్వ. "ఇల్లు తప్పి..." అని ఆగింది. నా వైపు చూసింది. తర్వాత బాపమ్మ వైపు చూసింది. "లేదు, నేనే వచ్చిననా?" అంది.

ఆమె నన్నే అడుగుతోంది. నిజంగానే అడుగుతోంది. ఆమె కళ్ళలో నాటకం లేదు.

"నాకే సమజైతలేదు బిడ్డా. నీకు చెప్పిందా ఆమె?"

నాకు బాపమ్మ మొదట చెప్పింది ఒకటి, చివర చెప్పింది ఒకటి. రెంటిలో ఏది చెప్పినా అవ్వ దగ్గరినుంచి ఏదో తీసుకున్నట్టే అనిపించింది. తెలియదు అవ్వా అన్నాను. అది అబద్ధం కాదు. ఆమె తల ఊపి, బాపమ్మ ముఖం మీద పడుతున్న కొంగును వెనక్కి సర్దింది.