గాలికి క్షవరం

ఆ సెలూన్‌లో పెద్దాయన తల మీద కత్తెర రెండుసార్లు ఆడిస్తే గాలిలో నాలుగుసార్లు ఆడించేవాడు. పెళ్లికాక ముందు నుంచీ అంతే, చెవి పక్కన కత్తెర ఊరికే టకటకలాడుతూ ఉండాల్సిందే. ఎందుకని అడిగితే, "మా నాన్న కూడా ఆడించేవాడు" అనేవాడు. అదీ ఒక జవాబేనా అని కూతురి బాధ.

కూతురికి ప్రతిదానికీ ఎందుకో తెలియాలి. కొట్టు తన చేతికి రాగానే అద్దాలు మార్చింది, కుర్చీలు మార్చింది, ఆఖరికి కత్తెర దగ్గరికొచ్చింది.

"ఆ పనికిరాని చప్పుడు మానెయ్ నాన్నా. వచ్చినవాళ్లు చిరాకు పడుతున్నారు."

కూతురి మాట కాదనడం ఆయన వల్ల కాదు. మానేశాడు. ఆ పూటే ఒక మాస్టారి చెవి గీసుకుంది, మర్నాడు ఇంకొకరి మెడ. ఆమె పక్కన నిలబడి గమనించింది. కత్తెర ఆగిన ప్రతిసారీ వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆడుతున్నంతకాలం ఆ వణుకు దగ్గరికి రాలేదన్నమాట. ఈ ఉపాయం ఆయన ఆలోచించి పట్టింది కాదు, చెయ్యి తనంతట తనే పట్టుకుంది.

కారణం దొరికిన సంబరంలో ఆమె నోరు ఊరుకోలేదు.

"వణక్కుండా ఉండడానికే నీ చెయ్యి అలా ఆడుతుంది నాన్నా. ఆడించుకో."

కొంప మునిగింది అక్కడే. ఇప్పుడాయన కావాలని ఆడించాడు, చేతినే కళ్లప్పగించి చూస్తూ. వణుకు రెట్టింపయింది. సాయంత్రం కత్తెరను గుడ్డలో చుట్టేసి, "ఇక నా వల్ల కాదమ్మా" అన్నాడు. జ్వరమొచ్చినా ఇంట్లో పడుకోలేక కొట్టుకొచ్చి కూర్చునే మనిషి. పని మానితే మంచం పడతాడని ఆమెకి భయం.

మర్నాడు పొద్దున్నే తల తడుపుకుని ఆయన కుర్చీలో కూర్చుంది.

"చివర్లు కత్తిరించు. లేదంటే ఎదురు కొట్టుకి పోతాను."

గొణుక్కుంటూ కత్తెర తీశాడు. వేళ్లు వణికాయి. ఆమె చూడనట్టే మొదలుపెట్టింది.

"అయినా పనితనమంటే బాబాయిదే. జనం ఆయన కోసమే వచ్చేవాళ్లట కదా."

"ఎవడన్నాడు? వాడికి కత్తెర పట్టడం నేర్పిందెవరు?"

"తనే నీకు నేర్పానన్నాడే."

పెద్దాయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. తమ్ముడు పాడుచేసిన తలలన్నీ పేరుపేరునా ఏకరువు పెట్టాడు. చల్లారబోతే ఆమె మరికాస్త ఆజ్యం పోసింది. చెవి పక్కన టకటక ఎప్పుడు మొదలైందో ఆయనకి తెలియదు. తడి వెంట్రుకలు సమంగా రాలుతున్నాయి.

అరిచి అరిచి అలిసిపోయి ఆయన అడిగాడు. "పొద్దున్నే నాతో ఈ తగువెందుకే?"

"ఊరికే" అంది కూతురు.