మా అత్త అన్న పక్షపాతం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో బతికున్నవాళ్లే నన్ను చాలినంత వేధించారు, ఇక చచ్చినవాళ్లతో నాకు పనేమిటి? అయినా కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మైదుకూరు దగ్గర మా ఊళ్లో, పట్టపగలు జరిగింది ఈ సంగతి.

మాది నేతపని. అన్నా నేనూ ఒకే కొట్టంలో రెండు మగ్గాలు వేసుకున్నాం. వెలుతురు వచ్చే కిటికీ పక్క మగ్గం అన్నది. మమ్మల్ని పెంచిన మేనత్త అలా పంచింది. ఆమెకు అన్నంటే ప్రాణం. అది నేను మరిచిపోలేదు.

అత్తకు పక్షవాతం అనే మాట నోరు తిరిగేది కాదు. మామ ఆ జబ్బుతో పడిపోయినప్పుడు "మా ఆయనకు పక్షపాతం వచ్చెనే" అని వీధిలో ఏడ్చింది. కంగారులో ఎవరో మామ నోట్లో నీళ్లు పోస్తే, పొరబోయి ఆ పూటే పోయాడు. తర్వాత నేను ఆ మాట దిద్దబోయాను.

"నీ చదువు సట్టుబండలు కాను! మాట ఎట్లుంటే ఏమిరా? నీళ్లు పోయగాకండని అందరికీ చెప్పు" అని పదిమందిలో నా పరువు తీసింది. నన్ను 'చిన్నోడా' అని పిలిచేది ఆమె ఒక్కతే. ఈ సంగతి జరిగేనాటికి ఆమె పోయి కొన్నేళ్లయింది.

ఆ రోజు వదిన ఓళిగలు చేసింది. అన్న ఆకులో గరిటెడు నెయ్యి, నా ఆకులో చుక్క.

"ఏమొదినా, నాకు వాసన చూపిస్తాండావా?" అన్నాను.

"వాసనకే ఇంత లావైతివి. ఇంక పోస్తే యాడ పడతావప్పా?" అంది.

అప్పుడు నా వెనక నుంచి గట్టిగా వినబడింది: "పక్షపాతం రా చిన్నోడా, పక్షపాతం! చూడు!"

ఇన్నాళ్లకు ఈ ఇంట్లో న్యాయం మాట్లాడే మనిషి దొరికిందని నవ్వుకుంటూ వెనక్కి తిరిగాను. గోడ తప్ప ఎవరూ లేరు. ఆ గొంతు ఎవరిదో, ఆ మాటకు ఆమె అర్థమేమిటో అప్పుడు తట్టింది. అన్నవైపు చూశాను. ఓళిగ చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకు వంకరపోయింది. మాట ముద్దగా వస్తోంది.

వదిన నీళ్ల చెంబు ఎత్తింది. లాక్కున్నాను. పక్కింటాయన పావురం నెత్తురు పూస్తే తగ్గుతుందన్నాడు.

"ముందు బండి కట్టప్పా, పావురం సంగతి రేపు చూస్తాం!" అని అరిచాను. అన్నను పక్కకు తిప్పి బండిలో పడుకోబెట్టి, మైదుకూరులో బస్సు పట్టి, కడప పెద్దాసుపత్రికి చేర్చాను. కండక్టరు దారంతా నన్ను నిలబెట్టే తీసుకుపోయాడు. అదీ గుర్తుంది.

నోట్లో ఏమీ పోయకపోవడం మంచిదైందన్నాడు డాక్టరు. రక్తపోటు బాగా ఎక్కువగా ఉందని, ఉప్పూ ఊరగాయా తగ్గించాలని, చుట్ట మానాలని, పడిపోయిన చేతిని రోజూ ఆడించాలని చెప్పాడు. ఇంటికొచ్చాక మగ్గం తాడు ఆ చేతికి పట్టించి రోజూ లాగించాను. తిట్టించుకున్నాను కూడా. మొదట వేళ్లు కదిలాయి. మెల్లగా మగ్గమూ ఆడింది, మాటా తిరిగింది.

మాట తిరిగాక అన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది: "అత్త అంతగా కేకలేస్తాంటే, నువ్వేమిరా పండ్లికిలిస్తివి?"

ఆ కేక సంగతి నేను అంతవరకు ఎవరికీ చెప్పలేదు. వదినకు ఏమీ వినబడలేదట.

ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో, మా ఇద్దరికే ఎందుకు వినబడిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజే డాక్టరు నా చేతికీ పట్టీ చుట్టి చూసి, నీకూ రక్తపోటు ఉందన్నాడు. అత్త నా వీపు వెనక దాకా వచ్చి కూడా, నా గురించి ఒక్క ముక్క అనలేదు.

చచ్చినా ఆమెది పక్షపాతమే.