చాచా గంట కొట్టని పీరియడ్

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకంటే బోధన్ ఆడపిల్లల హైస్కూల్లో పదో తరగతి వాళ్లకు బాగా తెలుసు. అరవైల్లో, ఉద్యోగం కొత్తలో, నేను వాళ్లకు సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. రోజూ పొద్దున నిజామాబాద్‌లో రైలెక్కి, బోధన్‌లో దిగి, చెరుకు బండ్ల మధ్య నుంచి కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బడికి నడిచేదాన్ని. చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలల్లో ఊరంతా ఉడికిన చెరుకురసం వాసన. మొదటి వారం ముక్కు మూసుకున్నాను. రెండో వారానికి ఆ వాసన లేని ఆదివారం నాకు తోచేది కాదు.

అప్పటికి నాది టెంపరరీ ఉద్యోగం. ఆ ఏడు ఇన్‌స్పెక్టర్ వచ్చి, నా పాఠం విని, బాగుందని రాస్తేనే పర్మనెంటు. లేకపోతే వేసవి సెలవుల తర్వాత మళ్లీ రానక్కర్లేదు. నాకు ఆ బడి కావాలి. ఆ పిల్లలు కావాలి. నా జీతం రాళ్లతో నేను కొనుక్కున్న రైలు పాసు కావాలి. ఈ మాట సిగ్గుపడకుండా చెబుతాను, ఎందుకంటే ఆ రోజుల్లో మా వీధిలో పాసు ఉన్న ఆడది నేనొక్కదాన్నే.

వినిపించాల్సిన పాఠం మా పెద్ద టీచరమ్మే ఎంచింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాలు చేతులు కలిపి గాలిని తమ వైపు ఎట్లా తిప్పుకున్నాయన్నది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పమని, నా సొంత పైత్యం కలపొద్దని ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది.

మా బడిలో గంట కొట్టేది చాచా. ఊరికి చాచా, మాకూ చాచా. యాభై దాటిన మనిషి, ఖాకీ చొక్కా, తెల్ల టోపీ. వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కే మా గంట. ఫ్యాక్టరీ సైరన్ అయినా ఒక్కోరోజు అటూ ఇటూ అయ్యేదేమోగాని చాచా గంట తప్పేది కాదు. బడి పక్క ఇళ్లలో దాన్ని విని పొయ్యి మీద బియ్యం వేసేవాళ్లు.

చాచాకు ఒక వింత అలవాటు ఉండేది. చాయ్‌లో చక్కెర వేసుకునేవాడు కాదు. జేబులోంచి కలకండ ముక్క తీసి, ముందు పళ్ల మధ్య పట్టుకుని, దాని మీదుగా చాయ్ పీల్చేవాడు. ఊరంతా చక్కెర బస్తాలు మోస్తుంటే ఈయన చక్కెర లేని చాయ్ తాగుతాడని మేమంతా వేళాకోళం చేసేవాళ్లం. ఎందుకట్లా తాగుతావని మాత్రం ఒక్కరం అడగలేదు.

ఇన్‌స్పెక్షన్‌కు వారం ముందు ఆ పాఠం ఒకసారి చెప్పి చూసుకున్నాను. జర్మనీ రష్యా మీదికి పోవడం, అప్పటిదాకా ఒంటరిగా నిలబడ్డ బ్రిటన్ రష్యాతో చేతులు కలపడం, ఆ డిసెంబరులో అమెరికా దిగడం, ఇరవై ఆరు దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేయడం, స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మన్ సైన్యం లొంగిపోవడం. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. వెనక బెంచీలో ఇద్దరు ఆవులించారు. పల్లె నుంచి నడిచి వచ్చే ఒక పిల్ల లేచి, రష్యాకూ బ్రిటన్‌కూ పడదని పోయిన పాఠంలో మీరే చెప్పారు కదా, ఇప్పుడు మిత్రులెట్లా అయ్యారని అడిగింది. పుస్తకంలో అట్లనే ఉంది, కూర్చోమని గద్దించాను. నిజానికి నాకు జవాబు తెలియదు. తెలియనప్పుడే నాకు కోపం ఎక్కువ.

పీరియడ్ అయ్యాక టీచర్ల గదిలోకి చాచా నీళ్ల కుండ తెచ్చాడు. నేను పాఠం చెబుతున్నంతసేపూ కిటికీ అవతల నిలబడ్డాడట. పోకుండా అక్కడే నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"టీచరమ్మ, ఒక మాట చెప్తె కోపానికి రావొద్దు. మీరు చెప్పిన జంగ్ల మేము లేము."

మేమంటే ఎవరని అడిగాను. అప్పుడు చెప్పాడు. పడుచుతనంలో సికింద్రాబాద్ పోయి బ్రిటిష్ ఫౌజులో లారీ డ్రైవరుగా చేరాడట. ఒక్క గుండు పేల్చలేదు. ఇరాన్‌కు పంపారు. ఓడల్లో వచ్చిన సరుకు అక్కడ లారీలకెత్తేవాళ్లు. అమెరికా టైర్లు, బ్రిటన్ బూట్లు, డబ్బాల్లో తిండి. పంజాబీలు, మద్రాసీలు, మా చాచా, వరసగా కొండల్లో, దుమ్ములో, మంచులో ఆ లారీలు తోలుకుపోయి రష్యా వాళ్లకు అప్పగించేవాళ్లు. అక్కడి నుంచి వాళ్ల డ్రైవర్లు యుద్ధం వైపు తీసుకుపోయేవాళ్లు.

మొదటిసారి సరుకు అప్పగించినప్పుడు రష్యా సిపాయిలు చాయ్ ఇచ్చారు. చాయ్‌లో చక్కెర లేదు. పక్కన పళ్లెంలో మనిషికొక చక్కెర గడ్డ. మనవాడిది నిజాం రాజ్యపు మర్యాద కదా. ఇచ్చినదాన్ని మొదటి మాటకే అందుకుంటే ఇంటి పరువు పోతుంది. మీరే తీసుకోండని పళ్లెం అటు జరిపాడు. వాళ్లు ఇటు జరిపారు. మళ్లీ అటు జరిపాడు. మూడోసారికి అవతలి సిపాయి మొహం మాడిపోయింది, మా చక్కెర నీకు పనికిరాదా అన్నట్టు. పక్కన ప్రపంచ యుద్ధం నడుస్తుంటే వీళ్లిద్దరి మధ్య చక్కెర గడ్డ యుద్ధం. చివరికి వాళ్లలో ఒక ముసలి సిపాయి గడ్డ తీసి పళ్ల మధ్య పెట్టుకుని, చాయ్ పీల్చి, చూడు ఇట్లా తాగాలని చూపించాడు. చాచా కూడా పెట్టుకున్నాడు. చాయ్ సగం మీసాల మీద, సగం చొక్కా మీద. అందరూ పడీపడీ నవ్వారు. అలవాటు అప్పటిది.

"బాస రాదు టీచరమ్మ. వాళ్ల సర్కార్లకు, మా సర్కార్లకు ఒకరంటె ఒకరికి పడది. గాని, లారీ వాని చేతుల పెడితె నా పనైంది, వాని పని షురువైంది. జంగ్ గట్ల మళ్లింది."

అంత మాట చెప్పి కుండ మీద మూత పెట్టి వెళ్లిపోయాడు. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఇన్నాళ్లూ ప్రపంచ యుద్ధాన్ని పుస్తకంలో వెతికాను, అది నాకు రోజూ మంచినీళ్లు తెచ్చిస్తోంది.

అయితే ఈ కథ ఇన్‌స్పెక్టర్ ముందు చెప్పడమా? వారమంతా రైల్లో ఇదే లెక్క. చెబితే పైత్యమంటారు, ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆవులింతలు, అప్పుడూ పోతుంది. చివరికి పుస్తకం ప్రకారమే చెప్పాలని గట్టిగా అనుకుని ఆ రోజు తరగతిలోకి వెళ్లాను. ఇన్‌స్పెక్టర్ గారు చివరి బెంచీలో, పక్కన పెద్ద టీచరమ్మ.

ఇరవై ఆరు దేశాలు అని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగాను. పిల్లల మొహాలు పిప్పి చేసిన చెరుకు ముక్కల్లా ఉన్నాయి. నాకు కోపం వచ్చింది, ఈసారి పుస్తకం మీద. చాక్‌పీసు కింద పెట్టాను. మొదటి బెంచీ అమెరికా అన్నాను. రెండోది ఓడ, మూడోది ఇరాన్ రోడ్డు మీద మన లారీలు, చివరిది రష్యా. మీ దగ్గర ఉన్న సరుకంతా వెనక్కి పంపండన్నాను. పిల్లలకు ఇంకేం కావాలి? పుస్తకాలు, జామెట్రీ డబ్బాలు, చెప్పులు, ఒక సద్ది టిఫిను, చేతులు మారి మారి వెనక్కి పోయాయి. రష్యాలో కూర్చున్నది ఇన్‌స్పెక్టర్ గారేనని నాకు అప్పుడు తట్టింది. సరుకంతా ఆయన ముందు గుట్టపడింది. పెద్ద టీచరమ్మ ఒళ్లో చెప్పులు పడ్డాయి.

నా పని అయిపోయిందనుకున్నాను. పాసు మీద ఆశ వదులుకున్నాను.

ఆయన టిఫిను డబ్బా పక్కకు జరిపి, బ్రిటన్‌కూ రష్యాకూ పడనప్పుడు ఒకరికొకరు ఎందుకు సాయం చేసుకున్నారని అడిగారు. నేను నోరు తెరిచేలోపు ఆ పల్లె పిల్లే లేచింది.

"సార్, మా బాపుకు, పెద్దబాపుకు మాటల్లేవు. గట్టు పంచాయితి. పోయినేడు మా చెరుకు అంటుకుంటె పెద్దబాపే ముందుగాల ఉరికొచ్చిండు. నడుమ చెరుకు కొట్టి మంట ఆపిండు. లేకుంటె ఆయన చేను కూడ కాలిపోయేది."

తర్వాత మాట్లాడుకుంటున్నారా అని ఆయన అడిగారు.

"లేదు సార్. మంట ఆరినంక మళ్ల గట్టు పంచాయితే."

ఇన్‌స్పెక్టర్ గారు బల్ల చరిచి నవ్వారు. యుద్ధం తర్వాతి పాఠం కూడా ఈ పిల్లే చెప్పేసిందన్నారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ గడియారం చూసుకుని ఆగిపోయారు. పీరియడ్ అయిపోయి పదిహేను నిమిషాలైంది. బడి మొత్తం ఎక్కడివాళ్లక్కడ కూర్చుని గంట కోసం ఎదురుచూస్తోంది.

అందరం కిటికీ వైపు చూశాం. చాచా అక్కడే ఉన్నాడు. చేతిలో గంట సుత్తి, మొహమంతా నవ్వు, కళ్లనిండా నీళ్లు. పెద్ద టీచరమ్మ ఒళ్లోని చెప్పులు కింద పడేసి, ఇన్నేళ్లలో లేనిది ఇవాళే మరిచావా, గంట ఏదని గట్టిగా అడిగింది. చాచా ఆమెకు కాక ఇన్‌స్పెక్టర్ గారికి సలాం చేశాడు.

"సాబ్, ఇరవై ఏండ్లకు మా లారీ కిలాసులకు వచ్చింది. నడిమిట్ల ఎట్ల దిగుత?"

నేను ముందుకు వచ్చి, ఈ పాఠం పుస్తకంలోది కాదని, చాచాదని చెప్పేశాను. ఆ పూట ఇన్‌స్పెక్టర్ గారు టీచర్ల గదిలో చాచాను కూర్చోబెట్టి, కలకండ ముక్క అడిగి తీసుకుని, పళ్ల మధ్య పెట్టుకున్నారు. చాయ్ సగం చొక్కా మీదే పోయింది.

వేసవిలో ఆర్డరు వచ్చింది. నేను పర్మనెంటు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో నా గురించి ఒకే వాక్యం: పాఠం బాగున్నది. దాని కిందే ఇంకొకటి: గంట వేళకు కొట్టవలెను.

ఆ మాట మేం పాటించాం, ఏడాదికి ఒక్కరోజు తప్ప. ఆ పాఠం వచ్చిన రోజు చాచా సుత్తి నా చేతికిచ్చి, ముందు బెంచీలో, అమెరికాలో, పిల్లల పక్కన సర్దుకుని కూర్చునేవాడు. లారీలు రష్యా చేరాక నేనే వేపచెట్టు దగ్గరికి వెళ్లి గంట కొట్టేదాన్ని. ఒక్క ఏడూ వేళకు కొట్టలేదు. పెద్ద టీచరమ్మ రిటైరయ్యేదాకా ఎందుకని అడగలేదు.