లోపలి పసిగుడ్డు ఏం తింటుంది?

ఏ సంగతైనా అడిగి తెలుసుకోనిదే నాకు అన్నం సయించదు. పందొమ్మిది వందల యాభైల చివర, తాండూరులో కొత్తగా కాపురం చేస్తున్న రోజుల్లో నా బుర్ర తినేసిన ప్రశ్న ఒకటే: కడుపులో ఉన్న పసిగుడ్డు ఏం తింటుంది?

మొదటి కడుపు మూడో నెలలోనే పోయింది. ఏడ్చి ఏడ్చి లేచాను. రెండోసారి నెల తప్పగానే మా అత్త కందిపప్పు మాన్పించింది.

"పప్పు వేడి. గుడ్డు గూడ వద్దు. నాలుగు నెలలు నిండేదాక జొన్నరొట్టె, చారు. గంతే!"

ఏం చోద్యమో చూడండి! మాది కందులు పండించే ఇల్లు. ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరిన పప్పును రోజూ చేటలో చెరిగేది నేనే. తినడానికి మాత్రం లేదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"మరి లోపలున్నది ఏం తింటదత్తమ్మా?"

"దేవుడు పెడ్తడు. నువ్వు జర నోరు మూసుకో."

మూడో నెలలో ఒకనాడు కళ్ళు తిరిగి చేట మీదే పడ్డాను. ఇదీ పోతుందేమోనని ప్రాణం గిలగిల్లాడింది. మర్నాడు పొద్దుటి రైలుకే అత్త నన్ను వికారాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరమ్మ నా కంటిరెప్పలు లాగి చూసి, ఏం తింటున్నావని అడిగింది. చెప్పాను. తిడుతుందనుకుంటే, ఆమె కాగితం తీసుకుని చుక్కలు పెట్టింది.

"తిన్న పప్పు అరిగి గిట్ల చిన్న చిన్న ముక్కలైతది. అవి నెత్తుట్ల కలిసి పసిగుడ్డు దాక పోతయ్. వాటినే మళ్ళ జోడించుకొని అది కండ కట్టుకుంటది. నువ్వు తినకపోతే నీ కండ కరిగి దానికి పోతది."

నా కండే! నా జబ్బ నేనే తడిమి చూసుకున్నాను. భయం సగం పోయి, ఒకటే ఆశ్చర్యం.

"ఏ ముక్క యాడ పెట్టాల్నో గంత చిన్నదానికి ఎట్ల తెలుస్తది?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. "నాకు గూడ తెల్వదమ్మా. తెలిసిన్నాడు ముందుగాల నీకే చెప్త."

తిరుగు రైల్లో గెలిచినదానిలా కూర్చున్నాను. అత్తను దెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తున్న అత్త ఉన్నట్టుండి అడిగింది.

"నీ మొగని కంటె ముందుగాల ముగ్గురు నా కడుపులనే పోయిండ్రు బిడ్డా. మూడుసార్లూ మా అత్త పప్పు తిననియ్యలే. గందుకేనా?"

ఆమె నన్ను సాధిస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ. తనకు తెలిసిందల్లా పెట్టి నా కడుపు కాస్తోందని అప్పుడు అర్థమైంది.

"గందుకు కాదత్తమ్మా" అన్నాను. నాకేం తెలుసని!

ఆ సాయంత్రం నుంచి ఆమే నా కంచంలో ముద్దపప్పు వేసి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. నీళ్ళు పోయకముందే అత్త దాని తొడ పట్టి చూసింది.

"మస్తు కండ పట్టిందే పిల్ల" అని నవ్వింది. దాన్ని నా పక్కలో పడుకోబెట్టి, వాకిట్లోకి పోయి, పోయిన ముగ్గురినీ తలుచుకుని గొంతెత్తి ఏడ్చింది.