పహిల్వాన్ దాటని ముగ్గు

ఆ రోజుల్లో కుక్కను పెంచడమంటే పట్టీ కొనడం, సూది వేయించడం, పుట్టినరోజు చేయడం కాదు. మనం తినగా మిగిలింది దానికి, అది తినగా మిగిలింది కాకులకు, అంతే లెక్క. ఈ కుక్క ఎవరిదమ్మా అని ఎవరైనా అడిగితే, ఎవరి గుమ్మం ముందు పడుకుంటే వాళ్లది అని చెప్పేవాళ్లం. దానికి బుద్ధులు నేర్పాలన్న సంగతే మాకు తెలియదు. (మాకే ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఇక కుక్క దాకా ఎక్కడొస్తుంది.) అలాంటిది, పెళ్లయి మాదన్నపేటకు కాపురానికొచ్చిన కొత్తలో, చదువు సరిగా అబ్బని నేను ఒక కుక్కకు పాఠం చెప్పవలసి వచ్చింది. అందులో సగం పాఠం ఇంటి ఓనరుకు కూడా అంటుకుంది.

మేం కిరాయికున్న ఇంటికి ఒకటే గేటు, ఒకటే వాకిలి. గేటు పక్కన రెండు గదులు మావి. వాకిలి దాటి లోపలికెళ్తే మెట్లు, మెట్ల మీద ఓనర్ల ఇల్లు. ఓనరు పత్తర్‌గట్టిలో జీవితమంతా గడియారాలు బాగుచేసిన మనిషి. కళ్లు మసకబారాక దుకాణం కొడుక్కు అప్పజెప్పి ఇంటిపట్టున ఉండేవాడు. ఆయన్ను నేను చాచా అని, ఆయన భార్యను చాచీ అని పిలిచేదాన్ని. చాచాది పత్తిలాంటి మాట. చాచీ మాట మాత్రం ఆకురాయి, కానీ చెయ్యి పెద్దది. మా అత్తమ్మకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే తిట్టుకుంటూనే జావ కాచి పంపేది.

పహిల్వాన్‌ను మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వస్తూ సైకిలు హ్యాండిల్‌కు తగిలించిన సంచిలో తెచ్చారు. ఎముకల గూడులా ఉన్న నల్ల కుక్కపిల్ల. వెటకారానికి పెట్టిన పేరు అదే ఖాయమైపోయింది. పేరు పహిల్వానే గాని పిల్లి కనబడితే అత్తమ్మ చీర చాటుకు దూరేది. అన్నం పెట్టేది నేను, తెచ్చింది మా ఆయన, కసురుకుంటూనే చెవుల్లో గోమార్లు ఏరేది అత్తమ్మ. అయినా దానికి ప్రాణమంతా చాచా మీదే. ఆయన చేతికర్ర చప్పుడు మెట్ల మీద వినబడితే చాలు, ఎక్కడున్నా ఉరికొచ్చి, రెండు కాళ్లూ ఆయన నడుం మీద వేసి, మోకాళ్ల నుంచి మోచేతుల దాకా నాకేది.

చిక్కంతా అక్కడే. మధ్యాహ్నం నమాజుకు చాచా కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని వజూ చేసుకుని, తెల్లటి పైజామా, కుర్తా తొడుక్కుని బయల్దేరేవాడు. కుక్క ఎంగిలి తగిలిన బట్టలతో నమాజు చేయరు. పాపం ఆయన దాన్ని ఒక్క మాట అనకుండా వెనక్కి తిరిగి మెట్లెక్కి, కడుక్కుని, వేరే బట్టలు వేసుకుని మళ్లీ వచ్చేవాడు. ఆ బట్టలు ఉతికేది చాచీ. నల్లా నీళ్లు ఎప్పుడొస్తాయో ఎప్పుడు పోతాయో తెలియని వాడలో రోజుకో జత తెల్లబట్టలు అదనంగా ఉతకడమంటే మాటలా. ఒక రోజు చాచీ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడి, నన్ను కాదు, సూటిగా కుక్కనే చూస్తూ అన్నది: "రంజాన్ చాంద్ కనిపించే దాంక చూస్త. గప్పటికి నువ్వు సీదా గాకపోతే ఉస్మాన్‌గంజ్ పోతవ్." ఉస్మాన్‌గంజ్‌లో ఆమె తమ్ముడికి తెలిసిన పప్పుల గోదాం ఒకటుంది. అక్కడ కావలికి కుక్క కావాలట. గోనె సంచుల మధ్య, గొలుసుకు కట్టేసిన పహిల్వాన్‌ను తలుచుకుని, ఆ పూట నా కంచంలోది కూడా దానికే పెట్టాను.

ఇక మొదలైంది నా అవస్థ. కసిరి చూశాను, తోక ఊపింది. రొట్టె ముక్క ఆశపెట్టాను, రొట్టె తిని మరీ చాచా దగ్గరికి పోయింది. చివరికి వాకిట్లో నులక మంచం కోడుకు తాడేసి కట్టాను. చేతికర్ర చప్పుడు కాగానే, అత్తమ్మ ఆరబెట్టిన వడియాలతో సహా మంచాన్ని మెట్ల దాకా ఈడ్చుకెళ్లింది. పేరు నిలబెట్టుకున్నది ఆ ఒక్కరోజే. వడియాలేరుకుంటూ అత్తమ్మ, "ఇగ నువ్వు దాన్ని కడుతున్నవో, అది నిన్ను కడుతున్నదో చూసుకో బిడ్డా" అంది.

అప్పుడే నాకొక సంగతి గుర్తొచ్చింది. పిల్లగా ఉన్నప్పుడు పహిల్వాన్ పొద్దున వేసిన ముగ్గు తొక్కితే, అత్తమ్మ కొట్టలేదు గాని చెంబెడు చన్నీళ్లు దాని నెత్తిన గుమ్మరించింది. నీళ్లంటే దానికి చచ్చేంత భయం. ఆనాటి నుంచి ముగ్గు కనబడితే చాలు, కొత్త కోడలు మామగారిని చూసినట్టు పక్కకు తప్పుకునేది. ఇంకేముంది, చాచా మెట్ల నుంచి గేటు దాకా రెండు వైపులా ముగ్గు గీస్తే, మధ్యలో ఆయన, బయట ఇది. చాచీ కునుకు తీసే వేళ చూసి పిండి గిన్నె పట్టుకుని కూర్చున్నాను. రెండు గీతలు గీసి ఊరుకోవాల్సింది. కానీ చేతిలో పిండి ఉన్నాక, ముందు అంత చోటు ఖాళీగా కనబడ్డాక, నా చెయ్యి ఊరుకుంటుందా. గీత తీగైంది, తీగకు పూలొచ్చాయి, పూలకు చిలకలొచ్చాయి. వెడల్పాటి తివాచీ పరిచినట్టు దారంతా నిండిపోయింది. మిట్టమధ్యాహ్నం, అడగకుండా, నమాజుకెళ్లే మనిషి మెట్ల ముందు అంత ముగ్గు వేశానన్న సోయి నాకు లేదు.

చేతికర్ర చప్పుడైంది. పహిల్వాన్ ఉరికొచ్చింది. ముగ్గు అంచున టక్కున ఆగి, కాలెత్తి, దించి, కుయ్యోమంది. నేను గెలిచాననుకున్నాను. తీరా చూస్తే చాచా కూడా ఆఖరి మెట్టు మీద అలాగే ఆగిపోయి ఉన్నాడు, ఒక కాలు గాల్లో.

"ఏమైంది చాచా, రండి" అన్నాను.

"ఎట్ల రావాలె బేటీ? ఇంత మెహనత్ చేసి వేసినవ్. పువ్వు మీద కాలు పెట్టుమంటవా, చిలక మీద పెట్టుమంటవా?"

అటు కుక్క, ఇటు చాచా, మధ్యలో నా చిలకలు. ఎవరూ కదలరు. గేటులోంచి తొంగిచూసిన పక్కింటావిడ మియాసాబింట్లో పెళ్లా అని అడిగింది. అత్తమ్మ బయటికొచ్చి, చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది. ఆ లొల్లికి చాచీ లేచి వచ్చింది. నేను పిండి గిన్నె వీపు వెనక దాచాను. ఆమె ముగ్గును చూసింది, మొగుణ్ణి చూసింది, అందరికంటే ఎక్కువసేపు కుక్కను చూసింది. తర్వాత చీపురు తెచ్చి మధ్యలో మనిషి పట్టేంత దారి ఊడ్చి, చిలకలను రెండు పక్కలకు నెట్టేసి, "పూలు గిట్ల వద్దు. రేపటికెల్లి లకీర్ చాలు. ఎట్ల గియ్యాలెనో నాకు చూపెట్టు" అంది.

ఆ మర్నాటి నుంచి గీతలు చాచీయే గీసేది. మొదట్లో అవి తాగినవాడి నడకలా ఉండేవి, పోనుపోను కుదిరాయి. చాచా బట్టలు తెల్లగానే వెళ్లి తెల్లగానే తిరిగొచ్చేవి. కానీ గీత ఉంటే ఆగడం సీదా అవడం కాదని చాచీ వాదన. రంజాన్ వచ్చింది, మొదటి శుక్రవారం జుమ్మా నమాజు దాకా గడువు పెంచింది, గోదాం మనిషికి ఆ మధ్యాహ్నమే రమ్మని కబురు చేసింది.

ఆ జుమ్మా నాడు సరిగ్గా చాచా బయల్దేరే ముందు కుండపోతగా వాన. మా కళ్లముందే రెండు గీతలూ పాలలా కరిగి మోరీలోకి పోయాయి. వాన కాస్త నెమ్మదించేసరికి గేట్లో గోదాం మనిషి, చేతిలో తాడు. మెట్ల మీద కొత్త బట్టల్లో గొడుగు పట్టుకుని చాచా. ఆగమని నేను అనేలోపే ఆయన దిగాడు. పహిల్వాన్ ఉరికింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఏ చప్పుడూ లేకపోయేసరికి తెరిచాను. గీత ఉండాల్సిన చోటుకు ఇవతల, వాన నీళ్లలో చతికిలబడి కూర్చుంది పహిల్వాన్. నీళ్లంటే ఆమడ దూరం పారిపోయే కుక్క, నిలువునా తడుస్తూ, తోకతో బురద చిమ్ముతూ, చాచా మొహం వంకే చూస్తోంది. అంగుళం ముందుకు జరగలేదు.

"లకీర్ ఏడున్నదో నాకైతే కనిపిస్తలేదు. దానికి కనిపిస్తున్నట్టున్నది" అని, చాచా దాని ముందు నుంచే మెల్లగా నడిచి వెళ్లిపోయాడు.

గోదాం మనిషి తాడు సర్దుకుంటూ లోపలికి అడుగేయబోతే, చాచీ మెట్ల మీది నుంచే ఆపింది. "నువ్వు పో భయ్యా. మనం అన్నం నీళ్లు బంద్ చేసుకొని రోజా ఉంటున్నం. అది మా మియాను బంద్ చేసుకొని ఉంటున్నది. రోజా ఉన్నదాన్ని ఇంట్లకెల్లి ఎల్లగొట్టుమంటవా?" ఆ మాటకు అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. (వాన నీళ్లని తర్వాత బుకాయించింది.) ఆ సాయంత్రం రోజా విప్పాక చాచా పాత లుంగీ కట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. పహిల్వాన్‌ను నాలుక నొప్పెట్టేదాకా నాకనిచ్చాడు. తర్వాత ఆ లుంగీని విడిగా నానబెట్టింది చాచీయే, తిట్టుకుంటూ.

చాన్నాళ్లు బతికింది పహిల్వాన్. నేను మెచ్చుకోవాలంటే దాన్ని మెచ్చుకోవాలా, చాచీనా, పూల మీద కాలు పెట్టలేక నమాజుకు ఆలస్యమైన చాచానా, నాకిప్పటికీ తేలదు. ఇప్పుడు మేముండేది మూడో అంతస్తులో. మొన్న పక్క ఫ్లాటు వాళ్ల కుక్కపిల్ల మా చెప్పు ఎత్తుకుపోతే, తలుపు తట్టి అడగాలా వద్దా, ఏమనుకుంటారో అని పొద్దంతా ఒంటి చెప్పుతో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఎవరినీ అడగకుండా ఓనరు మెట్ల ముందు పట్టపగలు చిలకలు గీసి, పైగా రండి చాచా అని పిలిచిన ఆ పిల్ల నేనేనా అనిపించి, నాలో నేనే నవ్వుకుని, లేచి వెళ్లి తలుపు తట్టాను.